చెరువును బట్టి చేపపిల్ల ఇవ్వాలని వినతి

రాష్ట్ర మత్స్యశాఖ ఉన్నతాధికారులకు,
మత్స్య భవన్, మాసబ్‌ట్యాంక్, హైదరాబాద్.

అడిక్‌మెట్‌లో గదులు అద్దెకు తీసుకుని ఉస్మానియాలో చదువుకుంటున్న మత్స్యకార కుటుంబాల విద్యార్థులు నమస్కరించి సమర్పించుకుంటున్న వినతిపత్రం.

విషయం: ఊరి చెరువుల్లో దేశవాళీ, విదేశీ చేపలను కలిపి పెంచే పద్ధతిని సరిదిద్దడం గురించి.

అయ్యా,

మా నాయనలు చెరువులో వల వేసి సంపాదించిన పైసలతో మేం చదువుకుంటున్నాం. ఆదివారం పొద్దున రాంనగర్ చేపల మార్కెట్‌కు పోతే కొల్లేరు వైపు నుంచి ఐసులో వచ్చిన రవుట, బొచ్చె, రూప్‌చంద్ కుప్పలే కళ్లబడతాయి. మా చెరువుల చేపను వెతుక్కోవాలి. నగరమంతా చేపల కోసం ఎగబడే మృగశిర కార్తె నాడు కూడా అంతే.

2016 నుంచి ప్రభుత్వం ఉచితంగా ఇస్తున్న చేపపిల్లలు మాకు పెద్ద ఆసరా. ఆ మేలు మరిచి ఇది రాయడం లేదు. బొచ్చె, రవుట, మ్రిగాల పారే నీటిలో గుడ్లు పెట్టే చేపలు, నిలవ నీటి చెరువులో పెట్టవు. ఏటా పిల్లను తెచ్చి వదలాల్సిందే. ఆ పిల్ల ఎప్పుడు వస్తుందన్న దాని మీదే మా ఏడాది బతుకు. ఓ ఏడు మా చెరువు శ్రావణంలోనే నిండింది, పిల్లలు మాత్రం దీపావళి దాటాక వచ్చాయి. ఎండలు ముదరకముందే నీళ్లు అడుగంటాయి. అరచేయంత కూడా ఎదగని చేపను పట్టి, వచ్చిన కాడికి అమ్ముకున్నాం. కవర్లలో తెచ్చిన పిల్లలను లెక్కపెడదామంటే సరఫరాదారు మనుషులు ముందు సంతకం పెట్టమన్నారు. మా పెద్దలు పెట్టారు.

ఇక చేపలను కలపడం సంగతి. 1971లో దేశంలో మొదలైన మిశ్రమ చేపల పెంపకం పరిశోధన చెప్పింది సూటి మాట: ఒకదాని మేతకు ఇంకొకటి అడ్డు రాకూడదు. బొచ్చె పైనీటిలో, రవుట నడిమి నీటిలో, మ్రిగాల అడుగున మేస్తాయి. వాటికి విదేశీ వెండిచేప, గడ్డిచేప, బంగారుతీగ తోడు. అయితే వెండిచేప తిరిగేదీ బొచ్చె ఉండే పైనీటిలోనే. బంగారుతీగ మేసేదీ మ్రిగాల మేసే అడుగునే. పైగా అది బురద తవ్వి నీటిని మడ్డి చేస్తుంది, కట్టను గుల్ల చేస్తుంది, నిలవ నీటిలోనే గుడ్లు పెడుతుంది. హిమాచల్‌లోని గోవింద్‌సాగర్ జలాశయంలోకి 1971లో వరదకు కొట్టుకొచ్చిన వెండిచేప తర్వాతి ఏళ్లలో బొచ్చెను వెనక్కి నెట్టి తానే ప్రధానమైపోయింది. కొల్లేరు రైతులైతే ఆరు రకాలూ వేసి చూసి, అమ్మకం లేని విదేశీ రకాలను వదిలి, రవుట, బొచ్చెలకే మళ్లారు. సొంత గుంటలో ఆ దిద్దుబాటు సాధ్యం. అలుగు పారే ఊరి చెరువులో ఒకసారి వదిలిన చేపను ఎవరు వెనక్కి తీస్తారు?

పరకలు, జెల్లలు, మట్టగిడసలు, ఇంగిలాయిలు వంటి దేశవాళీ చేపలు ఎవరూ వదలకుండానే చెరువులో పెరిగేవి. అంగట్లో పెద్ద చేప అమ్మినా మా ఇంట్లో వండింది వీటినే. ఏ పంపిణీ లెక్కలోనూ ఇవి లేవు. కేంద్రం 2000లోనే నిషేధించిన ఆఫ్రికన్ క్యాట్‌ఫిష్‌ను ఇంకా కొందరు గుంటల్లో కోళ్ల వ్యర్థాలు వేసి పెంచుతున్నారు. వానకు గుంట పొర్లితే అది చెరువులో పడుతుంది, దొరికిన దేశవాళీ పిల్లనల్లా మింగుతుంది. మాకు అన్నిటికన్నా ఎక్కువ భయం దీనితోనే.

కాబట్టి మా మనవి ఇది. చెరువు నిండిన పక్షం రోజుల్లో పిల్ల నీటిలో పడాలి. ఏ చెరువుకు ఏ రకం, ఎన్ని అన్నది ఆ ఊరి మత్స్యకార సంఘం సభలో, నీరు ఎన్ని నెలలు నిలుస్తుందో చూసి తేల్చాలి. విదేశీ రకాలను అలుగు లేని గుంటలకే పరిమితం చేయాలి. రాష్ట్ర చేప కొర్రమీను ఇతర చేపల పిల్లలను తినేది కనుక దానికి వేరే గుంటలు, విత్తనం ఇప్పించాలి. పిల్లల లెక్క మా వాళ్ల ఎదుటే జరగాలి. క్యాట్‌ఫిష్ గుంటలను వానాకాలం రాకముందే తొలగించాలి. మా ఊళ్ల చెరువుల పేర్లు, అలుగుల వివరాలు ఈ పత్రానికి జతచేశాం. మీ సిబ్బంది ఎప్పుడు వస్తారో చెబితే సెలవు పెట్టి వెంట వస్తాం.

ఇట్లు,
అడిక్‌మెట్‌లో ఉంటున్న మత్స్యకార కుటుంబాల విద్యార్థులు