తారు కింది దరార్‌ని ఎవరు చూస్తారు?

పోయిన ఎండాకాలం మా అబ్బాజాన్ నంద్యాల దగ్గర ఒక ఊరి రోడ్డు మీద స్కూటర్‌తో సహా పడ్డారు. రోడ్డు అంచుకు రెండడుగుల లోపల, దారి వెంబడే పొడుగ్గా ఒక దరార్. ముందు టైరు అందులో దిగింది, మణికట్టు విరిగింది. పలకరించడానికి వచ్చిన వాళ్లంతా కిస్మత్ అన్నారు. నేను మాత్రం అననండీ.

ఆ పగులు తారులో పుట్టింది కాదు. అక్కడి జమీన్ నల్లరేగడి. మే నెలలో శనగచేలు చూడండి, చేతికర్ర దిగేంత నెర్రెలు. ఈ మట్టిలో మాంట్‌మోరిల్లొనైట్ అనే ఖనిజం ఉంటుంది. నీళ్లు తాగితే ఉబ్బుతుంది, ఎండితే ముడుచుకుంటుంది. రోడ్డు నడుమ తారు కప్పి ఉంటుంది కాబట్టి కింద తేమ పెద్దగా మారదు. అంచు మాత్రం ఎండకు ఎండుతుంది, వానకు నానుతుంది. అందుకే నెర్రె అంచు వెంబడే పుట్టి పైకి వస్తుంది. మన కంటికి కనిపించేసరికి కింద అది పాతబడి ఉంటుంది. ఇక బారిష్ నీళ్లు దాంట్లోంచే దిగి మట్టిని మెత్తబరుస్తాయి, మిగతా పని లారీలు చూసుకుంటాయి.

ఠేకేదార్ వచ్చి డాంబర్ పోసి పోతాడు. దాన్ని మరమ్మత్ అంటారట!

లోపల చూసే తరీఖా లేక కాదు. రోడ్డు పక్కన వరుసగా ఇనుప కడ్డీలు దిగ్గొట్టి కరెంటు పంపితే తడి రేగడి సులువుగా పోనిస్తుంది, గాలి నిండిన నెర్రె అడ్డుపడుతుంది. ఎండల్లో ఒకసారి, వానలయ్యాక ఒకసారి కొలిస్తే కింది నక్షా తయారవుతుంది. రాడార్ గురించి గొప్పగా చెబుతారు గానీ తడి బంకమట్టి ఆ తరంగాలను మింగేస్తుంది, ఇక్కడ దాని మీదే భరోసా పెట్టుకోలేం.

రోడ్డు వేయకముందు చేసే ఇమ్తిహాన్ ఇంకా సస్తా. జల్లించిన 10 గ్రాముల ఎండు మట్టిని గాజు గొట్టంలో నీళ్లలో వేస్తారు, ఇంకో 10 గ్రాములు కిరోసిన్‌లో. 24 గంటలు ఆగాలి. కిరోసిన్‌లో మట్టి ఉబ్బదు. రెండింటి తేడా చూస్తే మట్టి మిజాజ్ తెలిసిపోతుంది. అప్పుడు సున్నం కలపాలా, ఉబ్బని మట్టి పొర వేయాలా అన్నది ముందే తేల్చుకోవచ్చు.

ఊరి రోడ్డుకి ఇంత ఖర్చా ఎందుకంటారు ఇంజనీర్ సాబ్‌లు. మళ్లీ మళ్లీ డాంబర్ పోసే పైసలు ఎవరి జేబులోంచి వస్తున్నాయి?

కట్టు విప్పాక అబ్బాజాన్ అదే చోట స్కూటర్ ఆపించారు. పూడ్చిన గీతకు జానెడు దూరంలో కొత్త నెర్రె. కర్ర దించి చూసి, "అరగజం దిగింది బేటా" అన్నారు.