ఇంట్లోనేగా కుట్టేది!

ఒకప్పుడు పెళ్ళిచూపుల్లో ఆడపిల్ల తరఫువాళ్ళు చెప్పుకునే గొప్పల్లో ‘కుట్లూ అల్లికలూ బాగా వచ్చండీ’ అన్నది తప్పకుండా ఉండేది. పాట తర్వాత, వంటకు ముందు. ట్రంకుపెట్టెలోంచి పువ్వులు కుట్టిన గలీబులు, క్రోషియా బల్లగుడ్డలు తీసి చూపించేవాళ్ళు. మగపెళ్ళివారు వేలితో తడిమి, బాగుందన్నట్టు తలాడించేవారు. ఆ విద్యకు మనవాళ్ళు ఇచ్చిన మర్యాద అదే మొదలు, అదే ఆఖరు. పెళ్ళయ్యాక ఏళ్ళ తరబడి ఆవిడ ఇంటిల్లిపాదికీ లంగాలు, జాకెట్లు, లాగూలు, గౌన్లు, గలీబులు, చేతిసంచులు కుట్టి పోస్తుంది. ఏ దరఖాస్తులోనైనా వృత్తి అన్నచోట ‘గృహిణి’ అని రాసి ఊరుకుంటారు. ‘మీ ఆవిడ ఏం చేస్తుంటారు’ అని ఎవరైనా అడిగితే ‘ఏం లేదండీ, ఇంట్లోనే ఉంటుంది’ అని ఇంటాయన చెబుతాడు, ఆవిడ కాలరు తిప్పి కుట్టిన చొక్కా తొడుక్కుని.

నాకు ఒళ్ళు మండేది అక్కడే.

ఈ పనిలో ఎంత విద్య ఉందో కుట్టనివాళ్ళకు తెలియదు. జాకెట్టునే తీసుకోండి. మనిషి ఒళ్ళు వంపులు, గుడ్డ చదును. ఆ చదును గుడ్డను భుజం దగ్గర ఒకలా, చంక దగ్గర ఇంకోలా తిరిగే ఒంటికి ముడత పడకుండా, చెయ్యి పైకెత్తితే పట్టెయ్యకుండా అమర్చాలి. ఆది జాకెట్టు ఎదురుగా ఉన్నంత మాత్రాన అయిపోదు. అది కుట్టించుకున్న తర్వాత మనిషి ఒళ్ళు చేసిందా, చిక్కిందా, పడుగు ఎటు, పేక ఎటు, ఉతికితే ఈ గుడ్డ ఎంత లాగేసుకుంటుంది, లైనింగు ముందే తడిపి ఆరేశారా, ఇవన్నీ చూసుకోవాలి. ముందు భాగాన్ని ఏటవాలుగా వేసి కత్తిరిస్తే, అదే క్రాస్ కటింగు, మామూలు నేత గుడ్డ కూడా కాస్త సాగి ఒంటికి హత్తుకుంటుంది. కానీ అలా వేస్తే గుడ్డ ఎక్కువ పడుతుంది. చీరతో వచ్చిన ఆ కాస్త ముక్కలోనే వీపు, ముందు భాగాలు, చేతులు, మెడపట్టీ, హుక్కుల పట్టీ అన్నీ తేలాలి. చేతులకు అంచు రావాలి, పువ్వులు తలకిందులు కాకూడదు. నేల మీద గుడ్డ పరిచి, సుద్దముక్క పట్టుకుని, ఏ ముక్కను ఎటు తిప్పితే సరిపోతుందో కళ్ళతోనే లెక్క వేసుకునే మనిషికి రేఖాగణితం రాదని ఎలా అంటాం? బడిలో ఆ సబ్జెక్టు తప్పి ఉండొచ్చు, అది వేరే సంగతి. పైగా పలక మీద తప్పు చేస్తే చెరిపి మళ్ళీ చేసుకోవచ్చు. కత్తెర పడ్డాక ఇంక చెరిపేదేముంది?

ఎదిగే పిల్లకు పరికిణీ కుట్టేటప్పుడు కింద రెండు మూడు టక్కులు వేస్తారు. చూసేవాళ్ళు సోకు కోసం వేశారనుకుంటారు. పిల్ల పొడుగవుతున్నకొద్దీ ఒక్కో టక్కు విప్పుకుంటూ పోవడానికి అవి. జాకెట్టు పక్కల్లో లోపల రెండు వేళ్ళ గుడ్డ వదిలి, వరసగా రెండు మూడు కుట్లు వేస్తారు. ఒళ్ళు చేస్తే ఒక వరస విప్పితే చాలు. కొన్న గౌనుకు ఈ వెసులుబాటు దాదాపు ఉండదు. ఎక్కడో ఫ్యాక్టరీలో దాన్ని కుట్టినవాళ్ళకు ఈ పిల్ల వచ్చే ఏడాది ఎంత పొడుగవుతుందో ఆలోచించే పని లేదు మరి.

ఇక మిషను. మనవైపు చాలా ఇళ్ళకు అది ఉషా పేరుతోనే వచ్చింది. 1930లలో కలకత్తాలో జయ్ ఇంజినీరింగ్ వర్క్స్ వాటి తయారీ మొదలుపెట్టింది. పైన రీలు దారం, కింద బాబిన్ దారం, రెండూ గుడ్డ మందం మధ్యలో మెలిపడితేనే కుట్టు కుదిరినట్టు. పై దారం బిగిస్తే బాబిన్ దారం చుక్కలుగా పైకి తేలుతుంది, వదులైతే అడుగున ఉండలు కడుతుంది. వంటింట్లో ఉండి కూడా చప్పుడును బట్టి తేడా పసిగట్టే ఆడవాళ్ళను నేను చూశాను. గుడ్డను తోసే పళ్ళ కింద పేరుకున్న నూగు దులపడం, నూనె చుక్కలు వెయ్యడం, సాగిపోయిన తోలు బెల్టును అంగుళం కత్తిరించి మళ్ళీ క్లిప్పు బిగించడం, అన్నీ వాళ్ళే. ఫ్యాను ఆగినా, మోటారు కాలినా మెకానిక్కు కోసం కబురు పెడతారు. కుట్టు మిషను ఆగితే ఎవరూ కబురు పెట్టరు. బాగుచేసే మనిషి ఇంట్లోనే ఉంది కదా. ఆవిణ్ణి మాత్రం మెకానిక్కు అని ఎవరూ అనరు.

ఇదే పని వీధి చివర కొట్టులో మగవాడు చేస్తే అతను ‘మాస్టరు’. ‘మాస్టారూ, శుక్రవారం పెళ్ళికి కావాలి’ అని బతిమాలతాం, చెప్పిన రేటు ఇస్తాం. అతని మీద నాకే కోపమూ లేదు. పొద్దస్తమానం నిలబడి కత్తిరించే మనిషికి ఆ మాట దక్కాల్సిందే. 2023 సెప్టెంబరులో కేంద్రం మొదలుపెట్టిన పీఎం విశ్వకర్మ పథకంలోని 18 చేతివృత్తుల్లో దర్జీ పని కూడా ఉండటం మంచిదే. అదే కత్తెర ఇంట్లో ఆడమనిషి పట్టుకుంటే ఎదురింటి పిన్నిగారు వచ్చి ‘ఇంట్లోనేగా కుట్టేది, కొట్టువాడంత తీసుకుంటే ఎలాగమ్మా’ అంటుంది. కొట్టుకు అద్దె లేదు కాబట్టి చేతికీ సగం విలువే. చీరకు ఫాల్ కుట్టి ఇస్తే ‘తర్వాత ఇస్తాలే’. చేత్తో చేసే హెమింగుకూ, హుక్కులకూ డబ్బులడగడానికి మొహమాటం. ఒక జాకెట్టులో కంటిని ఎక్కువగా తినేసేది ఆ రెండు పనులే.

ఈ చులకన ఎక్కణ్ణుంచి వచ్చిందో నాకొక అనుమానం ఉంది. టెన్త్ తప్పిందా, మిషను నేర్పించండి. మొగుడు వదిలేశాడా, మిషను కొనిపెట్టండి. భర్త పోయాడా, పోనీ ఒక మిషను ఇప్పించండి. ప్రభుత్వాలూ ఇదే తోవ. సభ పెట్టి, వరసగా పేర్చిన మిషన్లు పంచి, ఫోటో దిగి వెళ్ళిపోతారు. ఓదార్పుగా చేతిలో పెట్టిన విద్యను గౌరవించేదెవరు? ‘చదువు అబ్బలేదు కాబట్టి కుట్టుకుంటోంది’ అన్న మాట ఆ పిల్ల వెంట జీవితమంతా వస్తుంది. ఆ పిల్ల వీధిలోవాళ్ళ జాకెట్లు కుట్టి తమ్ముడి కాలేజీ ఫీజు కట్టిన ఇళ్ళు ఎన్ని లేవు! ఉద్యోగం వచ్చాక తమ్ముడు నాన్న కష్టం గురించి చెబుతాడు, లెక్చరర్ల గురించి చెబుతాడు. అక్క గురించి అడిగితే, ‘అక్క ఇంట్లోనే ఉంటుంది.’

ఇది ఇళ్ళల్లో మాటే అయితే సరిపెట్టుకునేదాన్ని. దేశం లెక్కల్లోనూ ఇంతే. మన జాతీయ నమూనా సర్వేల్లో ఒక్కో మనిషి ఎక్కువ కాలం ఏ పనిలో గడిపారన్నదాన్ని బట్టి ఒక కోడ్ వేస్తారు. ఇంటి పనులు మాత్రమే చేసేవాళ్ళకు 92. ఇంటి పనులతో పాటు కట్టెలు, ఆకుకూరలు, పశువుల మేత ఏరి తెచ్చుకోవడం, ఇంటి వాడకానికి బట్టలు కుట్టడం, నేయడం లాంటివి చేసేవాళ్ళకు 93. రెండూ శ్రామిక శక్తికి బయటే. అంటే ఈ పని ఉందని సర్కారుకు తెలుసు. పేరు పెట్టి మరీ రాసుకుంది. రాసుకుని, పని కాదని పక్కన పెట్టింది. ఇంకో విడ్డూరం చూడండి. జాతీయ ఆదాయం లెక్కకట్టడానికి ఐక్యరాజ్యసమితి పెట్టిన పద్ధతిలో, ఇంటి వాడకానికి తయారుచేసుకున్న వస్తువులు, కుట్టుకున్న బట్టలతో సహా, ఉత్పత్తి కిందికే వస్తాయి. వంటనూ ఇల్లు ఊడ్చడాన్నీ అది సేవలంటూ బయట పెట్టింది. ఆ తగవు ఇంకోసారి పెట్టుకుందాం. గౌను మాత్రం వస్తువే, ఉత్పత్తే. మరి దాన్ని కుట్టినావిడ శ్రామికురాలు కాదట! ఈ తర్కం నాకు కొరుకుడు పడదు.

నరసాపురం లేసు సంగతి తెలిసినవాళ్ళకు ఈ ఎత్తు కొత్తది కాదు. పందొమ్మిదో శతాబ్దంలో క్రైస్తవ మిషనరీలు గోదావరి డెల్టా ఆడవాళ్ళకు నేర్పిన అల్లిక అది. సన్నటి నూలు, కొక్కెం సూది, అంతే పరికరాలు. గుమ్మాల్లో కూర్చుని అల్లిన ముక్కలు ఏజెంట్ల చేతులు మారి సముద్రాలు దాటి వెళ్ళేవి. జర్మన్ పరిశోధకురాలు మరియా మీస్ వచ్చి చూసి 1982లో ‘ది లేస్ మేకర్స్ ఆఫ్ నర్సాపూర్’ అనే పుస్తకం వేసింది. ఆమె తేల్చిందేమిటంటే, ఎగుమతి కోసం రోజూ గంటల తరబడి అల్లే ఈ ఆడవాళ్ళను కార్మికులుగా కాక గృహిణులుగా, అల్లికను తీరిక వేళ వ్యాపకంగా చూశారు. అలా చూడటం వల్లే అంత తక్కువ కూలి చెల్లింది. పిన్నిగారి బేరానికీ ఎగుమతి బేరానికీ సూత్రం ఒకటేనన్నమాట. 2024లో ఆ లేసుకు భౌగోళిక గుర్తింపు వచ్చింది. సంతోషమే. ఆ కాగితం వల్ల అల్లేవాళ్ళ చేతికి పువ్వుకింత అని ఎంత పెరిగిందో కూడా ఎవరైనా లెక్క చెబితే ఇంకా సంతోషిస్తాను.

బొంత మాటెత్తితే మరీ బాధేస్తుంది. ఉతికి ఉతికి మెత్తబడ్డ నేత చీరలూ పంచెలూ పొరలు పొరలుగా పరిచి, ముడతలు లాగి, దూరం దూరంగా టాకాలు వేసి, ఆపైన అంచు నుంచి లోపలికి వరస వెంట వరస సూది నడపాలి. వరస వంకరపోతే బొంత మధ్యలో ఉబ్బుతుంది. నాలుగు పొరల్లోంచి సూది లాగీ లాగీ వేలి చివర కాయ కాస్తుంది. పసిబిడ్డ కిందకు అంత మెత్తన కొత్తగుడ్డకు ఎక్కణ్ణుంచి వస్తుంది? బెంగాల్ ఆడవాళ్ళు ఇలాగే పాత చీరలతో కుట్టిన కాంతాలను ఫిలడెల్ఫియా మ్యూజియం భద్రంగా దాచి, ప్రదర్శన పెట్టింది. అమెరికాలో అలబామా రాష్ట్రంలోని గీస్ బెండ్ అనే మారుమూల పల్లెలో నల్లజాతి స్త్రీలు పాత బట్టలతో కుట్టిన బొంతలు 2002లో హ్యూస్టన్ మ్యూజియంలో గోడెక్కాయి, తర్వాత న్యూయార్కు వెళ్ళాయి, 2006లో అక్కడి తపాలా బిళ్ళల మీదికీ వచ్చాయి. మన బొంత అటకెక్కింది. దిగితే కారు తుడవడానికి దిగుతుంది.

కొనుక్కుంటే ఇంతకన్నా చవక కదా అంటారు. నిజమే. గుడ్డ, లైనింగు, దారం, హుక్కులు, పట్టిన పొద్దు అన్నీ కలిపితే బజారు గౌనే చవక. కుట్టుకుంటే డబ్బు మిగులుతుందని నేను వాదించను. ఆ చవక ఎలా వస్తుందో మాత్రం ఒకసారి చూడాలి. 2013 ఏప్రిల్ 24న ఢాకా దగ్గర రాణా ప్లాజా అనే భవనం కూలి 1,100 మందికి పైగా చనిపోయారు. వాళ్ళలో ఎక్కువమంది అక్కడి బట్టల ఫ్యాక్టరీల్లో మిషన్ల ముందు కూర్చున్న ఆడవాళ్ళే. ఇంట్లో కుడితే పని కాదు, ఫ్యాక్టరీలో కుడితే ప్రాణానికి విలువ లేదు.

ప్రతి ఆడమనిషీ కుట్టాలన్న పట్టింపు కూడా నాకు లేదు. ఇష్టం లేనివాళ్ళను మిషను ముందు కూర్చోబెట్టింది చాలు. ఇష్టంగా చేసేవాళ్ళ పనిని కాలక్షేపం అనొద్దంటున్నాను, అంతే. అవసరం పడ్డప్పుడు ఈ విద్య ఎక్కడుందో అందరికీ గుర్తొస్తుంది లెండి. 2020లో కరోనా వచ్చినప్పుడు ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం మనిషికి మూడు మాస్కుల చొప్పున పంచాలనుకుని, కుట్టే పనిని స్వయం సహాయక సంఘాల ఆడవాళ్ళకు అప్పగించింది. ఊరూరా ఇళ్ళల్లో మిషన్లు తిరిగాయి. ఫ్యాక్టరీలు మూతపడ్డ ఆ రోజుల్లో వాళ్ళను ఎవరూ ‘ఖాళీగా ఉన్నారు’ అనలేదు.

ఆ గుర్తు మహమ్మారితోనే పోనక్కర్లేదు. సర్వేకు వచ్చినవాళ్ళు గుమ్మంలో నిలబడ్డ మగమనిషిని అడిగి రాసుకుని పోకుండా, లోపల మిషను ముందున్న మనిషిని పిలిచి అడగాలి. ఆవిడ చెప్పింది 93 గడిలో పడినా, ఆ గడిని శ్రామిక శక్తి లోపలికి తేవాలి. బడిలో క్రాఫ్టు పీరియడు మళ్ళీ రావాలి. వస్తే మగపిల్లలకు కూడా సూదిలో దారం ఎక్కించడం, కాజా కుట్టడం, బాబిన్ చుట్టడం నేర్పాలి. పాలిటెక్నిక్‌లో గార్మెంట్ టెక్నాలజీ చెప్పేవాళ్ళు నెలకొకసారైనా ఇలాంటి ఒక ఆవిణ్ణి పిలిపించి, కాస్త గుడ్డలో జాకెట్టు ఎలా తేలుతుందో బల్ల మీద చేయించి చూపించాలి, వచ్చినందుకు గౌరవవేతనం కూడా ఇచ్చి. ఇక మన వీధుల్లో, కొట్టులో జాకెట్టుకు ఎంతిస్తామో ఇంటి మిషనుకూ అంతే ఇవ్వాలి. హెమింగుకు విడిగా, హుక్కులకు విడిగా, ఫాల్ డబ్బులు చీర చేతికి తీసుకున్నప్పుడే.