శుభలేఖ: చేవ్రాతయా, అచ్చుపత్రికయా?

ముహూర్తము నిశ్చయమైన మరునాటినుండి పెండ్లివారింట మొదలగు వాదములలో శుభలేఖను గూర్చిన వాదమొకటి. పత్రికలను ఇంటిలో మన చేతులతో మనమే సిద్ధము చేసికొనుట మేలా, లేక నెల్లూరికి పోయి కోరిన తీరున చేయించుకొని వచ్చుట మేలా యని ఈ మాఘమాసములో మా కొడవలూరిలోనే రెండు మూడిండ్లవారు మమ్మడిగిరి. ఆడపిల్లలు చదువుకొన్నవారు, కుంచె పట్ట నేర్చినవారు. "మేమే వ్రాసెదము, మేమే చిత్రించెద"మందురు. పెద్దలు "అచ్చుకూలి యీయలేక చేత వ్రాసికొనిరని నలుగురు నవ్వుదు"రందురు. మాకు ఇరువురి మాటలోను కొంత న్యాయము కనబడుచున్నది.

మొదట ఒక సంగతి. పత్రిక క్రొత్తది, పిలుపు పాతది. వాల్మీకి రామాయణమున జనకుడు దశరథునికి దూతలను పంపెను. వారు దారిలో మూడు రాత్రులు గడపి, గుర్రములలసిపోగా అయోధ్య చేరి, నోటితోనే వార్త విన్నవించిరి. మన నెల్లూరి తిక్కన విరాటపర్వము చివర ఉత్తరాభిమన్యుల పెండ్లి చేయించినాడు గదా. అచటను పాండవులు తమవారినెల్ల పిలిపించిరి, కృష్ణుడు సుభద్రాభిమన్యులతో కూడి ఉపప్లావ్యమునకు వచ్చెను. పిలుపు రానిచోట ఏమగునో పోతన భాగవతమున దక్షయజ్ఞఘట్టము చదివినవారికి వేరే చెప్పనక్కరలేదు. పిలువని పేరంటమునకు, అదియు పుట్టింటికే, పోయిన సతీదేవి తిరిగి రాలేదు. కావున కాగితము నాణెమునుగూర్చి వాదులాడుటకు ముందు ఎవరిని పిలువ మరచితిమో చూచుకొనుట యుక్తము.

మా ప్రాంతమున నేటికిని బొట్టు పెట్టి పిలిచినదే పిలుపు. పత్రిక టపాలో వచ్చినను, చేతి ఫోనులో బొమ్మగా వచ్చినను, "కార్డు పంపిరి గాని పిలువలేదు" అను మాట పల్లెలో వినబడుచునే యున్నది. ఈ మాట తెలిసినవారికి పత్రికపై మితిమీరిన వ్యయము చేయ బుద్ధి పుట్టదు. 2016 నవంబరులో బళ్లారి గాలి జనార్దనరెడ్డిగారి కుమార్తె వివాహమునకు పంపిన పత్రిక ఒక పెట్టె. మూత తెరువగానే అందులోని చిన్న తెరపై కుటుంబమువారు పాట పాడుచు కనబడిరి. దేశమెల్ల దానిని గూర్చి చెప్పుకొన్నది. పెద్దనోట్లు రద్దయి జనము బ్యాంకుల ముందు వరుసలు కట్టి నిలుచున్న దినములవి. అట్టి పెట్టె మనకెవరికిని అక్కరలేదు గాని, దాని నీడ మాత్రము మధ్యతరగతి ఇండ్లపై పడినది. రేకు బంగారపుటక్షరములు, పట్టు గుడ్డ అంటించిన అట్టలు, ఒక కవరులో మరియొక కవరు! చదివినవారు తేదీ చూచుకొని పత్రికను బీరువాపై పడవేయుదురు.

అచ్చుపని ఎట్లు జరుగునో తెలిసికొన్నచో బేరమాడుట సులభమగును. మన అంగళ్లలో కనబడు కార్డులలో పెక్కు తమిళదేశపు శివకాశినుండి బొమ్మలతో, ఖాళీలతో సిద్ధముగా వచ్చును. మన ఊరి ముద్రాపకుడు ఆ ఖాళీలో మాటలు మాత్రము అచ్చువేయును. మాటలు కూర్చుటకు, పలకయో జాలితెరయో కట్టుటకు అగు కూలి నూరు కార్డులకును ఐదువందల కార్డులకును ఇంచుమించు ఒక్కటియే. అందుచేత సంఖ్య పెరిగినకొలది ఒక్కొక్కదాని వెల తగ్గును. నూరింటికి లోపైనచో అచ్చు ఖరీదుగానే తోచును. ప్రత్యేకముగా బొమ్మ గీయించి క్రొత్త నమూనా చేయించినచో ఆ చిత్రకారుని కూలి వేరు.

ఇక ఇంటిపని. కాగితము చౌక, చేయి మనది అని తేలికగా అనుకొనరాదు. పండ్రెండు పంక్తుల పత్రికను తప్పులేకుండ ముత్యములవంటి అక్షరములతో వ్రాయుటకు పావుగంట పట్టును. మున్నూరు పత్రికలకు డెబ్బదియైదు గంటలు. నలుగురు పిల్లలు దినమునకు రెండేసి గంటలు కూర్చుండినను తొమ్మిది పది దినముల పని. ఆ దినములలోనే అప్పడములు, వడియములు, జాకెట్టుల కుట్టుపని, వచ్చిపోవు బంధువుల వంట. ఇంటి కష్టమునకు కూలి లెక్కకట్టరు గనుక అది చౌకయని పురుషులందురు, మన మట్లనరాదు.

చేయదలచినవారికి రెండు మూడు మెలకువలు చెప్పెదము. పసుపును తడిపి పూసినచో కాగితము ముడుతలు పడును, ఎండకు రంగు వెలిసిపోవును. ఆ చేతికి సున్నమంటినచో పసుపు ఎరుపెక్కును. తాంబూలము వేసికొను అవ్వలు ఆ దాపున కూర్చుండకుండ చూచుకొనవలెను! నాలుగు మూలలకును పసుపు అన్నిటికంటె చివర, సిరా బాగుగ ఆరిన పిమ్మట, వ్రేలికొనతో పొడిపొడిగా అద్దుట మంచిది. నీటికి కరగు జెల్ పెన్నులకంటె పటములు గీయు పిల్లలు వాడు నల్లని ఇండియన్ ఇంకు మేలు. అంచునకు ముగ్గు వేయదలచినచో తలకొక తీరున వేయక, ఒక్క చుక్కలముగ్గునే అందరును వేయవలెను. లేనిచో పత్రికలన్నియు ఒక పెండ్లివిగా తోచవు.

మా అభిప్రాయమడిగినవారికి మేము చెప్పినది నడిమిత్రోవ. ఇంటిలో అందముగా వ్రాయు పిల్లచేత తెల్లకాగితముపై నల్లసిరాతో ఒక్క పత్రిక వ్రాయింపుడు. దానినే ముద్రాపకునికిచ్చి, ఉన్నదున్నట్లు ఛాయ తీయించి సాదా అట్టపై అచ్చు వేయింపుడు. అక్షరము మన ఇంటిది, శ్రమ యంత్రముది. మేనత్తలు, మేనమామలు, గురువులు మొదలైన ఏ నలువదిమందికో మాత్రము స్వయముగా వ్రాసి యిచ్చిన చాలును. ఇందొక అదనపు లాభము కలదు. కంప్యూటరుపై తెలుగు కూర్చువారు వత్తులను, కొమ్ములను తరచుగా జారవిడుతురు. 'వధువు'లో ఒక కొమ్ము జారినచో మాట వధకు దగ్గరపడును. మన చేవ్రాతనే అచ్చువేయించినప్పుడు ఆ భయము లేదు. తప్పున్నచో అది మన తప్పే. ఎట్లు చేయించినను ప్రూఫును ఒక్కరే చూడక, పెండ్లికూతురును చూడవలెను, ఇంటిపేర్లన్నియు తెలిసిన ముసలమ్మకును చదివి వినిపింపవలెను.

అన్నిటికంటె జాగ్రత్తగా చూడవలసినది వేళ. రాత్రి రెండుగంటల ముహూర్తమైనచో పంచాంగము ప్రకారము సూర్యోదయమువరకు అది బుధవారమే; గోడ క్యాలెండరు ప్రకారము గురువారము వచ్చియే యుండును. అందుకే పెద్దలు "బుధవారము రాత్రి తెల్లవారిన గురువారము" అని వ్రాసిరి. పట్టణపు పిల్లలు ఆ మాటను చాదస్తమని తీసివేయుచున్నారు. తీసివేసిన పత్రిక చూచుకొని ఒక దినము ఆలస్యముగా వచ్చి, ఖాళీ పందిరి చూచి పోయిన చుట్టములు కలరు. పేర్లు ఆధారుకార్డులో ఉన్నట్లే యుండుట మంచిది. 2002 నాటి చట్టము ప్రకారము మన రాష్ట్రమున వివాహమును నమోదు చేయింపవలెను. ఆ సమయమున కచేరీలో పెండ్లిపత్రిక కూడ అడుగుదురు. ముద్దుపేరుతో అచ్చువేసి తరువాత తిరుగువారిని చూచుచున్నాము. తొలి పత్రికను తిరుమలకు పంపు ఆచారమున్నవారు దానిని ఆలస్యము చేయక ముందే టపాలో వేయవలెను. దేవస్థానమువారు ఆశీర్వచనముతో తలంబ్రములు మొదలైనవి పంపుదురు, అవి ముహూర్తమునకు ముందు చేరవలెను గదా.

ఇంతవరకు కాగితము మాట. ఇప్పుడు పేర్ల మాట. మా ఎరుకలో ఒక యిల్లాలు కలదు. భర్త పోయి పండ్రెండేండ్లయినది. రెండెకరముల వరిపొలము, ఒక కుట్టుమిషను; వీనితో కూతురును ఉపాధ్యాయశిక్షణవరకు చదివించెను. పెండ్లి కుదిరినది. మరిది వచ్చి, "పత్రిక మా దంపతుల పేరిట వేయుట మర్యాద, నీ పేరు శుభలేఖపై వలదు" అనెను. దుకాణములోని నమూనాలును అట్టివే, 'శ్రీమతి మరియు శ్రీ' అని జంటగా ఖాళీలు. తల్లి మారుపలుకలేదు. కూతురు మాత్రము, "ఆ పత్రిక అచ్చువేసినచో నా పత్రిక నేను వ్రాసికొనెదను" అని కాగితములు తెప్పించుకొని కూర్చుండెను. రాజమహేంద్రవరమున వీరేశలింగముగారు తొలి వితంతువివాహము చేయించినది 1881 డిసెంబరు 11వ తేదీన. ఇన్ని దశాబ్దముల పిమ్మట కన్న తల్లి పేరు కాగితముపై ఎక్కుటకు వాదింపవలసివచ్చుట మాకు సిగ్గుగానున్నది. భర్త పోయినది ఆమె అపరాధమా? కూతురును పెంచినది మరిదియా?

మేము మరిదిగారి భార్యతో మాటలాడితిమి. ఆమె మంచిది, "మా ఆయన పీటలపై కూర్చుండి కన్యాదానము చేయును, అంతేగాని బిడ్డను కన్నది అక్కయే గదా" అని తానే భర్తకు నచ్చజెప్పెను. తుదకు పిల్ల వ్రాసిన పత్రికయే ఛాయ తీయించి రెండువందల యేబది అచ్చువేయించిరి. ఆహ్వానించువారు తల్లి, క్రింద, కన్యాదాతలుగా పినతండ్రి, పినతల్లి. దుకాణపు నమూనాలలో అట్టి కూర్పునకు చోటే లేదు.

పిలుపులనాడు బొట్టు పెట్టు పని తోటికోడలు చేసెను, పత్రిక యిచ్చు పని తల్లి చేసెను. ఇద్దరును కలిసి కోవూరువరకు తిరిగిరి. ఒకటి రెండిండ్లలో ముఖములు చిట్లించుకొనిరని విన్నాము. ఆ యిండ్లవారును పెండ్లికి వచ్చి భోజనము చేసి పోయిరి.

వచ్చు మాసము ఒక సోదరి కోరినట్లు పెండ్లివంటకు సరకుల పట్టీ వ్రాయుటను గూర్చి ముచ్చటింతము.