ముందు చెంచుల హక్కు తేలాలి

ఏటా సంక్రాంతి వేళ అహోబిల నరసింహస్వామి పార్వేటకు బయలుదేరితే పల్లకీకి విల్లంబులు ఎక్కుపెట్టి మర్యాద చేసేది చెంచులే. చెంచులక్ష్మినిచ్చి స్వామికి అత్తవారైన వారు. ఆ అత్తవారికి నల్లమలలో ఎంత హక్కున్నదో మాత్రం ప్రభుత్వాలు ఇంకా తేల్చవలసే ఉన్నది.

నాగార్జునసాగర్‌-శ్రీశైలం అడవులు 1978లో అభయారణ్యమైనాయి, 1983లో పులుల ప్రాజెక్టు కిందకు వచ్చాయి. గూడేలు అంతకు ఎన్నో తరాల ముందువి. వెంకటాపురం నుంచి కాలినడకన శ్రీశైలం పోయే శివరాత్రి యాత్రికులకు నాగలూటి, పెచ్చెరువు ఎరుకే.

పులుల అడవుల నడిగడ్డనున్న 591 గ్రామాలను తరలించే పని త్వరపరచమని జాతీయ పులుల సంరక్షణ సంస్థ 2024 జూన్‌లో రాష్ట్రాలకు రాసింది. కదలిన కుటుంబానికి 15 లక్షల రూపాయలన్నది 2021లో పెంచిన లెక్క. ఇష్టపడి వెళ్లేవారిని ఎవరూ ఆపనక్కరలేదు. బడి, ఆసుపత్రి కావాలనే చెంచు యువకులూ ఉన్నారు. అయితే హక్కులు తేల్చకుండా, గ్రామసభ ఒప్పుకోకుండా ఎవరినీ కదపరాదని 2006 అటవీ హక్కుల చట్టం శాసిస్తున్నది. వన్యప్రాణి చట్టానికి అదే ఏడు చేసిన సవరణలోనూ ఈ షరతు ఉన్నది.

హక్కంటే రెండెకరాల పట్టా కాదు. చెంచు బతుకు సేద్యం మీద కన్నా తేనె, దుంపలు, బంక మీద నడిచింది. ఏ కొండ చరియ ఏ గూడేనిదో వారికి కట్టుబాటు ఉన్నది. తేనె తీసేటప్పుడు తాడు పట్టేది బావమరిది. పట్టు మొత్తం కోయరు, ఈగకు కొంత వదులుతారు. పులి జాడ తీయటానికీ, అడవిలోని క్యాంపుల కాపలాకూ అటవీశాఖ చెంచులనే పెట్టుకుంటున్నది. వారి ఎరుక కూలికి పనికివచ్చినప్పుడు హక్కుకు ఎందుకు పనికిరాదు?

ఆదిమ తెగలు తిరిగే అడవి మొత్తం మీద ఆవాస హక్కు ఇవ్వవచ్చునని అదే చట్టం చెబుతున్నది. మధ్యప్రదేశ్‌లోని దిండోరి జిల్లా బైగాలు దాన్ని పొందారు. కర్ణాటక బిళిగిరి కొండల సోలిగలకు 2011లో సామూహిక హక్కులు వచ్చాయి, అదీ పులుల అడవిలోనే.

2022 వరకు కర్నూలు జిల్లాలో ఉండి నేడు నంద్యాల జిల్లాలో చేరిన గూడేలకూ ఈ హక్కు చేరవలసి ఉన్నది. గిరిజనాభివృద్ధి, అటవీ, రెవెన్యూ అధికారులు కలిసి గూడెం పెద్దలను వెంటబెట్టుకుని హద్దులు నడచి రాసుకోవాలి. గ్రామసభ మండల కార్యాలయంలో కాదు, గూడెంలోనే పెట్టాలి. అదీ తేనె కాలంలో మగవారంతా కొండెక్కిన నాడు కాదు.