షంట్ ఉన్న పాపకు జ్వరమొస్తే

గుడిబండ నుంచి మా పెద్దమ్మ కూతురు ఫోన్ చేసేసరికి రాత్రి పదకొండు. "పాపకు జ్వరం రా. రెండుసార్లు కక్కింది. పళ్లొచ్చే టైము కదా, దానికేనేమో" అంది. నేను ఆఫీసు కాల్‌లో ఉన్నా. "సరేలే అక్కా, పొద్దున చూద్దాం" అన్నా. ఆ మాట ఇప్పటికీ గుచ్చుకుంటుంది. ఎందుకంటే పాప తలలో షంట్ ఉంది. వేసి ఆరు వారాలే.

మెదడు అరల్లో ఊరే నీరు బయటికి పోయే దారి మూసుకుపోతే పసిపిల్లల తల పెరుగుతూ పోతుంది. అదే హైడ్రోసెఫలస్. షంట్ అంటే మధ్యలో వాల్వు ఉన్న సన్నటి సిలికాన్ గొట్టం. చర్మం కిందనే తల నుంచి పొట్టలోకి దించి, నీటిని అక్కడ వదిలేస్తారు. 1956లో దీనికి పనికొచ్చే వాల్వు చేసింది డాక్టరు కాదు, జాన్ హోల్టర్ అనే అమెరికా మెకానిక్. ఆయన కొడుక్కీ ఇదే జబ్బు. (మనవాళ్లు కాలరెగరేసే కథే, కానీ ఆ బిడ్డ చిన్నప్పుడే పోయాడు.)

ఇన్ఫెక్షన్ ఎక్కువగా ఆపరేషన్ అయిన మొదటి కొన్ని నెలల్లోనే వస్తుంది. తరచుగా కారణం మన చర్మం మీద ఊరికే పడుండే స్టెఫిలోకాకస్ ఎపిడెర్మిడిస్. అది గొట్టానికి అతుక్కుని జిగురు పొర కట్టుకుంటుంది, మందులు లోపలికి సరిగా దిగవు. అరుదుగా గొట్టం కొన పేగును ఒరిసి చిల్లు చేస్తే, పేగులోని ఈ-కొలై ఆ గొట్టం పట్టుకునే మెదడుదాకా ఎక్కుతుంది! రీస్టార్ట్ చేస్తే పోయే బగ్ కాదిది. మామూలుగా గొట్టం మొత్తం తీసేసి, నీటిని కొన్నాళ్లు బయటి సంచిలోకి పంపి, నరానికి యాంటీబయాటిక్స్ ఎక్కించి, నీరు శుభ్రమయ్యాక కొత్తది వేస్తారు.

2019లో ఫలితాలు వెలువడిన, బ్రిటన్, ఐర్లండ్‌లలో 1600 మందిపై జరిగిన పరీక్షలో యాంటీబయాటిక్ పట్టించిన షంట్లతో ఇన్ఫెక్షన్లు 6 నుంచి 2 శాతానికి తగ్గాయి. మీవాళ్లకు ఏది వేస్తున్నారో ముందే అడగండి.

జ్వరం, వాంతులు, మాడు ఉబ్బడం, ఆగని ఏడుపు, లేపినా లేవని మగత, గొట్టం దారెంట ఎరుపు. వీటిలో ఏది కనబడినా సిరప్ పోసి తెల్లారేదాకా చూడొద్దు. షంట్ వేసిన ఆస్పత్రికే ఫోన్ చేయండి.

మర్నాడు హిందూపురంలో డాక్టరు చెవి వెనక కుట్టు చూసి, మందు రాయకుండా నేరుగా బెంగళూరు పంపాడు. మూడు వారాలు పట్టింది. ఇప్పుడు పాప పాకుతోంది. అక్క ఫోన్ కవర్లో ఒక చీటీ ఉంటుంది: ఆపరేషన్ తేదీ, వాల్వు పేరు, వార్డు నంబరు.