ఒకేలా వినిపించే పేర్లు: ట్రేడ్‌మార్క్ గొడవలో అసలు నష్టం ఎవరికి?

భిలాయిలో మా అమ్మమ్మకు తెలుగు ఒక్కటే చదవడం వచ్చు. మందుల షాపులో ఇచ్చే స్ట్రిప్ మీద ఉండేది ఇంగ్లిషు, హిందీ. అందుకే మాత్రను రంగును బట్టి, పేరు పలికే తీరును బట్టి గుర్తుపడుతుంది. స్టీల్ ప్లాంటు ఉద్యోగాల కోసం వలస వచ్చిన తెలుగు కుటుంబాల్లో ఇలాంటి పెద్దవాళ్లు ఎందరో. ట్రేడ్‌మార్క్ వివాదాన్ని రెండు కంపెనీల తగాదాగానే చదివే మనం ముందు వీళ్లను గుర్తుంచుకోవాలి.

2001 నాటి క్యాడిలా కేసు చూడండి. ఒకే గ్రూపు నుంచి విడిపోయిన రెండు కంపెనీలు మెదడు మలేరియాకు మందులు తెచ్చాయి. ఒకటి ఫాల్సిగో, రెండోది ఫాల్సిటాబ్. బస్తర్ మలేరియా తెలిసిన మన రాష్ట్రానికి ఇది దూరపు విషయం కాదు. ఈ మందు ఆసుపత్రులకే అమ్ముతాం, డాక్టర్లు పొరబడరన్న వాదనను సుప్రీంకోర్టు ఒప్పుకోలేదు. గెలుపోటములను విచారణ కోర్టుకు వదిలి, కొలమానాలు చెప్పింది: పేర్ల పోలిక, సరుకు స్వభావం, కొనేవారి చదువు, కొనే పద్ధతి. మందుల విషయంలో మరింత కఠినంగా ఉండాలంది.

అలాగని పోలిక ఉన్న ప్రతి పేరునూ ఆపేయాలా? అక్కర్లేదు. బెంగళూరులోని ఆంధ్రా భోజన హోటళ్లు 'నందిని డీలక్స్' మీద కర్ణాటక పాల సమాఖ్య అభ్యంతరం చెప్పింది. 'నందిని' పురాణాల్లోని పేరు, ఒక్కరి సొత్తు కాదని 2018లో సుప్రీంకోర్టు హోటల్ పక్షాన నిలిచింది. పాలు, పాల పదార్థాలకు మాత్రం ఆ రిజిస్ట్రేషన్ వర్తించదంది. హోటల్ పేరులో పొరబడితే భోజనం మారుతుంది. మందు పేరులో పొరబడితే ప్రాణం పోవచ్చు.

అందుకే నా అభ్యంతరం ఒకటి. మందుకు అనుమతి ఇచ్చేముందు ట్రేడ్‌మార్క్ కార్యాలయపు సెర్చ్ రిపోర్టు అడగవచ్చని క్యాడిలా తీర్పే సూచించింది. 2019లో డ్రగ్స్ రూల్స్‌ను సవరించి, అలాంటి పేరు మార్కెట్లో లేదని తయారీదారు హామీపత్రం ఇస్తే చాలన్నారు. వెతికేదీ, లేదని చెప్పేదీ లాభపడే కంపెనీయే! ఆ వెతుకులాట లైసెన్సు ఇచ్చే అధికారి చేయాలి.

మెయిన్స్‌లో మేధో సంపత్తి ప్రశ్న వస్తే సెక్షన్ 29, పాసింగ్ ఆఫ్ రాసి ఆగిపోకండి. కోర్టులో వాది, ప్రతివాది కంపెనీలే. నష్టపోయేది మాత్రం అక్కడ లేని కొనుగోలుదారు. రేపు లైసెన్సు ఫైలు మీ టేబుల్ మీదకు వచ్చినా ఇదే గుర్తుండాలి.