సముద్రపు పాచి – శ్రమ విలువ

తెలుగులో 'పాచి' అన్న మాటకు గౌరవం తక్కువ. నిలవ నీటిమీద తేలేది పాచి. పొద్దుట కడుగని ముఖం పాచిముఖం. చెడిన అన్నం పాచిపోయిన అన్నం. 'నాచు', 'పాకుడు' అన్న మాటలు వినగానే కాలు జారుతుందన్న భయమే ముందు కలుగుతుంది. ఉర్దూలో 'కాయీ' అన్న మాటకు కూడ ఇంతకంటె మర్యాద లేదు. తమిళులు 'పాసి' అనేది, మనం 'పాచి' అనేది ఒకే మూలం నుండి వచ్చిన మాటలు; ఆ మూలానికి పచ్చదనమన్న అర్థం కలదు. కాలక్రమాన మన వాడుకలో పచ్చదనం మరుగునపడి మురికి మాత్రమే మిగిలింది. మాట విలువ పడిపోయినచోట ఆ వస్తువు విలువనూ, దానితో బ్రతికేవారి విలువనూ గుర్తించటం కష్టమవుతుంది. ఈ వ్యాసంలో మేము చెప్పదలచినది ఆ రెండవ విలువను గూర్చియే.

మన విద్యార్థులకు సముద్రపు పాచితో పరిచయం లేకపోలేదు. పేరు తెలియకపోవటమే లోపం. రంజాన్ మాసంలో మన ఇండ్లలో 'చైనా గ్రాస్'ను నీటిలో కరిగించి, చక్కెర కలిపిన పాలతో చేర్చి, చల్లార్చి, ముక్కలు కోసి ఇఫ్తార్ వేళ పళ్ళెంలో పెడతారు. ఆ తెల్లని పోగులు గడ్డి కావు, చైనాకు మాత్రమే చెందినవీ కావు. అవి ఎర్రజాతి సముద్రపు పాచి నుండి తీసిన అగర్-అగర్. అదే అగర్ జీవశాస్త్ర ప్రయోగశాలలో గాజు పళ్ళాలలో గడ్డకట్టి, సూక్ష్మజీవులను పెంచే పాన్పుగా ఉపయోగపడుతున్నది. వంటగదిలోనూ, ప్రయోగశాలలోనూ మనం దానిని చేతితో తాకుతూనే ఉన్నాము. అది ఏ సముద్రంలో పెరిగిందో, దానిని ఏ చేతులు ఏరినవో అడిగినవారు మాత్రం అరుదు.

శైవలాల ఉపయోగాలు నేడు అనేక పరిశ్రమలకు విస్తరించాయి. గోధుమరంగు పాచి నుండి తీసే ఆల్జినేట్ వస్త్రాలపై రంగుల అద్దకంలోనూ, దంతవైద్యుడు పళ్ళ అచ్చు తీయటంలోనూ, గాయాలకు వేసే కట్లలోనూ పనికివస్తున్నది. ఎర్రపాచి నుండి తీసే కారాజీనన్ ఐస్‌క్రీములో, టూత్‌పేస్టులో చిక్కదనాన్ని నిలుపుతున్నది. జంతువుల చర్మం, ఎముకల నుండి తీసే జెలటిన్ వాడుకకు సందేహించే మనవంటి వారికి అనేక వంటకాలలో అగర్ నిస్సందేహమైన ప్రత్యామ్నాయం. మన రైతులు పైరుపై చల్లే ఇఫ్కో వారి 'సాగరిక' కూడ సముద్రపు పాచి సారమే. లండనులోని నోట్‌ప్లా అనే సంస్థ ప్లాస్టిక్‌కు బదులుగా పాచితో పొట్లాలు, పూతలు తయారుచేసి 2022లో ఎర్త్‌షాట్ బహుమతి పొందింది. ఆస్పరాగోప్సిస్ అనే ఎర్రపాచిని కొద్దిపాటిగా మేతలో కలిపినప్పుడు, 2021లో కాలిఫోర్నియాలో వెలువడిన ఒక ప్రయోగ ఫలితం ప్రకారం, పశువులు విడిచే మీథేన్ వాయువు 80 శాతానికి పైగా తగ్గింది. 2022లో ప్రపంచంలో ఉత్పత్తియైన శైవలాలు దాదాపు 3 కోట్ల 78 లక్షల టన్నులని ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ లెక్క. అందులో అత్యధిక భాగం సముద్రంలో సాగుచేసినదే. ఈ పంటకు దున్నిన నేల అక్కరలేదు, మంచినీరు అక్కరలేదు, ఎరువు అక్కరలేదు.

ఇంత మేలు ఒక్కచోట కనబడినప్పుడు అతిశయోక్తులు కూడ పుట్టుట సహజం. శైవలాల నుండి మోటారు ఇంధనం తీస్తామని ఎక్సాన్‌మొబిల్ సంస్థ 2009లో ఘనంగా ప్రకటించి, 2023 నాటికి ఆ ప్రయత్నం నుండి తప్పుకొన్నది. కావున పాచి సర్వరోగ నివారిణి అని మేము చెప్పబోము. ప్రకృతికి హాని చేయని పరిశ్రమ అని దేనికైనా పేరు పెట్టేముందు రెండు ప్రశ్నలు అడగాలి. సముద్రానికి హాని లేదా? ఆ పని చేసే మనిషికి న్యాయం జరుగుతున్నదా? మొదటి ప్రశ్నను శాస్త్రజ్ఞులు అడుగుతూనే ఉన్నారు. రెండవ ప్రశ్న ఎక్కువగా మరుగున పడుతున్నది. పాచి చరిత్రలో ఈ మరపు కొత్తది గాదు.

1881లో జర్మనీలో రాబర్ట్ కాఖ్ ప్రయోగశాలలో వాల్థర్ హెస్సె అనే వైద్యుడు పనిచేసేవాడు. సూక్ష్మజీవులను పెంచేందుకు వాడే జెలటిన్ వేసవి వేడికి కరిగిపోయేది. కొన్ని సూక్ష్మజీవులు దానిని తామే కరిగించివేసేవి. హెస్సె భార్య ఫానీ తన వంటకాలు వేసవిలో కూడ గట్టిగా నిలవటానికి అగర్ వాడేది. జావా ద్వీపంలో నివసించి వచ్చిన ఒక డచ్చి కుటుంబం నుండి ఆమె దానిని నేర్చింది. ప్రయోగశాలలో కూడ దానినే వాడి చూడమని భర్తకు సలహా చెప్పింది. అగర్ మరిగే నీటి వేడికి గాని కరుగదు. చల్లారి ఒకసారి గడ్డకట్టినచో మానవదేహపు వేడికి చెక్కుచెదరదు. 1882లో కాఖ్ తన క్షయరోగ పరిశోధనను ప్రకటించినప్పుడు అగర్‌ను ఒక్క వాక్యంలో ప్రస్తావించాడు. హెస్సె దంపతుల పేరెత్తలేదు. ఒక గృహిణి వంటగది జ్ఞానం ప్రపంచ వైద్యశాస్త్రానికి ఆధారమైనది. ఆమెకు దక్కిన ప్రతిఫలం మౌనం.

మరొక ఉదాహరణ ఇంగ్లండు నుండి. కాథ్లీన్ డ్రూ-బేకర్ మాంచెస్టర్ విశ్వవిద్యాలయంలో శైవలాలను పరిశోధించిన విదుషీమణి. వివాహిత స్త్రీలకు ఉద్యోగం ఇవ్వరాదన్న నాటి నియమం వలన ఆమె అధ్యాపక పదవిని కోల్పోయింది. అయినను పరిశోధన మానలేదు. నోరి అనే తినే పాచి జీవితంలో ఒక దశ గవ్వల, ఆల్చిప్పల లోపల దాగి గడుస్తుందని 1949లో ఆమె లోకానికి తెలియజేసింది. జపానులో అప్పటికి నోరి పంట దెబ్బతిని జాలరులు కష్టాలలో ఉన్నారు. విత్తనం ఎక్కడ దాగి ఉన్నదో తెలిసిన తరువాత ఆ దేశపు శాస్త్రజ్ఞులు సాగుకు కొత్త మార్గం కనుగొన్నారు. ఆమె ఒక్కసారియైనను జపానులో అడుగుపెట్టలేదు. అయినను 1963లో అక్కడి జాలరులు ఉతో పట్టణంలో ఆమెకు స్మారకచిహ్నం నెలకొల్పి, నేటికీ ఏటేటా ఏప్రిల్ 14న నివాళులర్పిస్తున్నారు. జీతం ఇచ్చేందుకు ఒక దేశపు నియమాలు అడ్డువచ్చినవి. కృతజ్ఞత చూపటానికి మరొక దేశపు జాలరులకు ఏ అడ్డూ లేకపోయింది.

మన దేశానికి వద్దాము. తమిళనాడులో రామేశ్వరం, పాంబన్, మండపం ప్రాంతాలలో 'కడల్ పాసి' అంటే అన్నం. అక్కడి మన్నారు సింధుశాఖలో వేలమంది జాలరి స్త్రీలు తరతరాలుగా పాచి ఏరుతున్నారు. గాలిగొట్టాలు, ప్రత్యేక దుస్తులు వారికి లేవు. రాళ్ళు, ముళ్ళ జీవులు గుచ్చుకోకుండ వేళ్ళకు గుడ్డపీలికలు చుట్టుకొని, ఊపిరి బిగబట్టి మునిగి, చేతికి చిక్కినంత తెంపుకొని పైకి వస్తారు. ఆ పాచి ఎండి, దళారుల ద్వారా కర్మాగారాలకు చేరి, అగర్‌గా, ఆల్జినేట్‌గా మారి, దుకాణంలో అనేక రెట్ల ధర పలుకుతుంది.

1986లో ఆ ప్రాంతంలోని 21 దీవులను ప్రభుత్వం సముద్ర జాతీయోద్యానంగా ప్రకటించింది. పగడపు దిబ్బలను కాపాడటం అవసరమే, దానిని మేము కాదనము. అయితే ఆంక్షల బరువు ముందుగా పడినది ఈ స్త్రీల పైననే. అప్పుడు వారు చేసినది గమనించదగినది. నెలకు 12 రోజులు మాత్రమే ఏరవలెనని, లోహపు పరికరాలతో గీకరాదని, మరల చిగిర్చేందుకు మొదలు వదలవలెనని తమకు తామే కట్టుబాట్లు విధించుకొన్నారు. సముద్రాన్ని దోచరాదన్న నీతిని వారు పుస్తకాల నుండి నేర్వలేదు. రేపటి కూడు ఆ మొదలులోనే ఉన్నదని వారికి తెలుసు.

దీనికి ఎదురుగా పరిశ్రమ తెచ్చిన అనుభవాన్ని చూడండి. కప్పాఫైకస్ అనే పాచి మన తీరానిది కాదు. 1980 దశాబ్దంలో విదేశాల నుండి పరిశోధనకై తెచ్చినది. భావనగరులోని కేంద్ర ఉప్పు, సముద్ర రసాయనాల పరిశోధన సంస్థ దాని సాగు పద్ధతిని రూపొందించగా, 2000 తరువాత స్వయం సహాయక సంఘాల స్త్రీలు వెదురు తెప్పలకు తాళ్ళు కట్టి పెంచసాగారు. 45 రోజులకు ఒక పంట. ఎన్నో కుటుంబాలకు అది ఆధారమైన మాట నిజం. అయితే ఆ పాచి కురుసడై దీవి వద్ద పగడాలపైకి పాకి కప్పివేస్తున్నదని 2008లో పరిశోధకులు ప్రకటించారు. 2013 తరువాత సముద్రజలం వేడెక్కి పంట కూడ బాగా దెబ్బతిన్నది. ఒక్క జాతిని, అందులోనూ పరాయి జాతిని నమ్ముకొన్న సాగులోని ప్రమాదం ఇది. 2020లో ప్రారంభమైన ప్రధానమంత్రి మత్స్య సంపద యోజనలో సముద్రపు పాచికై 640 కోట్ల రూపాయలు ప్రత్యేకించినట్లు ప్రభుత్వం ప్రకటించింది. సంతోషించదగిన విషయమే. కాని ఆ ధనంతో స్థానిక జాతుల విత్తన కేంద్రాలు, తీరంలోనే శుద్ధి చేసే చిన్న కర్మాగారాలు ఏర్పడి, వాటిలో ఆ స్త్రీలు కూలీలుగా గాక భాగస్వాములుగా ఉన్నప్పుడే అది సద్వినియోగమవుతుందని మా అభిప్రాయం.

తెలుగు తీరం మాటేమిటి? కృష్ణా గోదావరుల ముఖద్వారాల వద్ద ఇసుక, బురద ఎక్కువ. పాచి పట్టుకొని నిలిచేందుకు రాయి కావాలి. అందుచేత విశాఖపట్నం, భీమునిపట్నం ప్రాంతాల రాతితీరాలలోనే అది విరివిగా కనబడుతుంది. ఆంధ్ర విశ్వకళాపరిషత్తు వృక్షశాస్త్రజ్ఞులు ఈ తీరపు శైవలాలను దశాబ్దాలుగా పరిశీలించారు. తుఫానుల తాకిడి గల ఈ తీరంలో తెప్పల సాగు సులభం గాదు. కాని విజ్ఞానం ఉన్నచోట ఆలోచనకు చోటున్నది. ఇతరులు చేసిన పొరపాట్లు చూచిన తరువాత ఆరంభించగలగటం మన అదృష్టమే. ఏ జాతి మన నీటికి తగినది, ఎవరి చేతిలో లాభం నిలుస్తుంది అన్న రెండు ప్రశ్నలనూ మొదటి రోజునే అడిగే అవకాశం మనకున్నది.

ఇక మన కళాశాల మాట. వృక్షశాస్త్ర విద్యార్థులు శైవలాలను సీసాలలో, పటాలలో చూచి పరీక్షలు వ్రాస్తున్నారు. విజ్ఞానయాత్ర అనగానే బాలికల పేర్లు జాబితా నుండి ఒకటొకటిగా జారిపోవటం మనవంటి సంస్థలకు కొత్త గాదు. తల్లిదండ్రుల శంకలను మేము తేలికగా తీసుకొనము. వారి నమ్మకమే ఈ సంస్థకు పునాది. కాని శంకకు సమాధానం ఏర్పాటు చేయటమే గాని, తలుపు మూయటం గాదు. ఇద్దరు అధ్యాపకురాండ్రు వెంట ఉండగా, కోరిన తల్లులను కూడ ఆహ్వానించి, విశాఖ తీరానికి మూడు రోజుల యాత్ర ఏర్పాటు చేయవలసిందిగా పాలకవర్గం వారిని సవినయంగా కోరుతున్నాము. ఆ యాత్రలో సేకరించిన విషయాలను ఉర్దూ, తెలుగు విభాగాల విద్యార్థులు కలిసి రెండు భాషలలో చిన్న పుస్తకంగా వ్రాయవచ్చును. 'కాయీ'కి, 'పాచి'కి పోయిన గౌరవాన్ని తిరిగి తెచ్చే పని అక్కడ మొదలు కావచ్చును.

విద్యార్థినులారా! వంటగదిలో తెలిసిన సంగతిని ప్రయోగశాలకు చేర్చిన స్త్రీ ఒకరు. పదవి పోయినను పరిశోధన మానని స్త్రీ మరొకరు. ఊపిరి బిగబట్టి సముద్రంలో మునిగి, నెలలో 12 రోజులే ఏరుతామని తమకు తామే హద్దు గీసుకొన్నవారు వేలమంది. వీరిలో ఏ ఒక్కరి తెలివి తక్కువది గాదు. తక్కువైనది మన లెక్క. ఆ లెక్క సరిదిద్దటానికి చదువుకొన్న స్త్రీలు కావాలి: వృక్షశాస్త్రం తెలిసినవారు, వాణిజ్యశాస్త్రం తెలిసినవారు, ఒప్పందపత్రం చదివి ప్రశ్నించగలవారు. రాబోయే రంజాన్‌లో పళ్ళెంలోని చైనా గ్రాస్ ముక్క నోట పెట్టుకొనే ముందు దాని వెనుకనున్న చేతులను తలచుకోండి. తలచుకొని ఊరకుండక, ఆ చేతులకు తోడు నిలిచే చదువు చదవండి.